రాత్రి ఎనిమిది గంటల వైఫైకి ధర ఎంత?

అమెరికాలో ఆర్‌వీ పార్కులు, క్యాంప్‌గ్రౌండ్లు నడిపేవాళ్ళకు ఇరవై ఏళ్ళు దాటినా తెగని లెక్క ఒకటి ఉంది. అతిథులకు ఇచ్చే ఇంటర్నెట్‌కు డబ్బు తీసుకోవాలా, స్థలం అద్దెలోనే కలిపేయాలా? విడిగా తీసుకుంటే రోజుకా, పరికరానికా, వాడిన డేటాకా? బండి నిలిపే చోట కరెంటు, మంచినీళ్ళు, మురుగునీటి గొట్టం, ఈ మూడింటికీ ధర ఎలా కట్టాలో అందరికీ ఎప్పుడో తెలిసిపోయింది. నాలుగోదైన ఇంటర్నెట్ దగ్గర మాత్రం ఒక పార్కు పద్ధతి పక్క పార్కులో కనిపించదు. ఒకచోట ఉచితం. ఒకచోట రోజుకు కొన్ని డాలర్లు. ఇంకోచోట మామూలు వేగం ఊరికే, మంచి వేగానికి రుసుము. మరోచోట వైఫై అసలు లేదు.

ఈ పద్ధతులన్నింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి మేలు, ఏది ఎవరికి భారం అని చూడటం ఈ వ్యాసం పని. విహారయాత్రలో వైఫై అందక సినిమా ఆగిపోయిందన్న చిరాకు దగ్గరే ఇది ఆగదు. ఆర్‌వీలోనే ఏడాదంతా బతికేవాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు జీతం, వైద్యుడి అపాయింట్‌మెంట్, పిల్లల చదువు అన్నీ పార్కు ఇంటర్నెట్ మీదుగానే రావాలి.

ఎవరి కోసం ఈ ఇంటర్నెట్

ఆర్‌వీ అంటే వంటగది, పడక, స్నానాలగది ఉన్న బండి. తానే నడిచే మోటార్‌హోమ్ కావచ్చు, పికప్ ట్రక్కు వెనక లాక్కెళ్ళే ట్రైలర్ కావచ్చు. దాన్ని నిలపడానికి స్థలం, దాంతోపాటు కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం తగిలించుకునే హుకప్‌లు ఇచ్చేవి ఆర్‌వీ పార్కులు. మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో 1962లో పుట్టిన కేఓఏ గొలుసుకే ఇవాళ అమెరికా, కెనడాల్లో 500 పైచిలుకు క్యాంప్‌గ్రౌండ్లున్నాయి. కోవిడ్ కాలంలో విమానాలకూ హోటళ్ళకూ భయపడిన జనం బండ్లు కొన్నారు. 2021లో కర్మాగారాల నుంచి డీలర్లకు వెళ్ళిన ఆర్‌వీలు 6 లక్షలు దాటాయని ఆ పరిశ్రమ సంఘం లెక్క. అంతకుముందు ఏ ఏడాదీ అన్ని వెళ్ళలేదు.

పార్కుకు వచ్చేవాళ్ళందరి అవసరం ఒక్కటి కాదు. ఒక రాత్రి ఆగి తెల్లారే వెళ్ళిపోయేవాళ్ళకు మరునాటి దారి, వాతావరణం చూసుకుంటే చాలు. వారాంతానికి వచ్చే కుటుంబాలకు రాత్రిపూట పిల్లల సినిమా కావాలి. కెనడా, మిన్నెసోటా చలి తప్పించుకోవడానికి అరిజోనా, ఫ్లోరిడా, టెక్సస్‌లోని రియో గ్రాండే లోయలకు వచ్చి నెలల తరబడి ఉండే పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళను స్నోబర్డ్స్ అంటారు. వాళ్ళ సాయంత్రాలన్నీ టీవీతోనే గడుస్తాయి. ఇక ప్రయాణపు నర్సులు, పైప్‌లైన్ కూలీలు, ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేసేవాళ్ళు, స్థలం కోసం పార్కులోనే పనిచేసే వర్క్‌క్యాంపర్లు. ఇల్లు పోగొట్టుకుని బండిలో బతుకుతూ ఊరూరా పని వెతుక్కునే వృద్ధుల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌లాండ్’ పుస్తకం రాశారు. అలాంటివాళ్ళకు తర్వాతి పని ఎక్కడుందో చెప్పేది కూడా ఇంటర్నెట్టే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ ఈ పార్కులు కొత్త కాదు. వేసవి సెలవుల్లో బండి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వైపు వెళ్ళేవాళ్ళు, దారిలో పనిదినాలు కలిసొస్తే ఆర్‌వీలోంచే మీటింగులకు హాజరయ్యే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వాళ్ళలో ఉన్నారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు 2016లో జియో వచ్చాక చవక డేటా అలవాటైంది. అలాంటిది ఒక రాత్రి వైఫైకి ఐదు డాలర్లంటే వాళ్ళకు నమ్మబుద్ధి కాదు. ఆ ఐదు డాలర్లు దేనికో అర్థం కావాలంటే ముందు ఖర్చు ఎక్కడుందో చూడాలి.

ఖర్చు ఒకచోట, కొరత మరోచోట

ఊహకు 100 సైట్ల, అంటే వంద బండ్లు నిలిపే చోట్లున్న, పార్కు ఒకటి తీసుకుందాం. బయటినుంచి వచ్చే లైను, స్తంభాల మీద వైఫై పంచే యాక్సెస్ పాయింట్ల అరుగుదల, నేలలో పాతిన కేబుల్, మరమ్మతు ఒప్పందం అన్నీ కలిపి నెలకు 2,000 డాలర్లు అవుతాయనుకుందాం. సగటున 60 శాతం సైట్లు నిండితే నెలకు 1,800 సైటు-రాత్రులు. భాగిస్తే రాత్రికి 1 డాలరు 11 సెంట్లు. మోంటానా లాంటి చోట ఏడాదికి అయిదు నెలలే పార్కు తెరిచి ఉంటుంది, లైను అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. అప్పుడు అదే ఖర్చు 9,000 రాత్రుల మీద పడి రాత్రికి 2 డాలర్ల 67 సెంట్లు అవుతుంది. సగటు ఖర్చు చూస్తే ఇంతే. అద్దెతో పోలిస్తే పెద్ద భారం కాదు.

అయితే జనం సగటున వాడరు, అందరూ ఒకేసారి వాడతారు. హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్, 4కె సినిమాకు 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచన. శనివారం రాత్రి ఎనిమిదింటికి నిండిన పార్కులో 50 సైట్లు హెచ్‌డీ, 10 సైట్లు 4కె చూస్తే 400 ఎంబీపీఎస్ కావాలి. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో ‘బ్రాడ్‌బ్యాండ్’ అనిపించుకోవడానికి పెట్టిన కనీస వేగం 25 ఎంబీపీఎస్. అది ఐదు సినిమాలకు సరి. 2024లో ఆ కొలతను 100కు పెంచింది, అంటే ఇరవై సినిమాలు. ఒక ఇంటికి పుష్కలమైన లైను వంద బండ్లకు ఏ మూలకూ రాదు. ఫైబర్ చేరని అడవి అంచుల్లో ఎంత డబ్బు పెట్టినా 400 దొరకని పార్కులున్నాయి.

బయటి లైను సరిపోయినా గాలిలో ఇంకో ఇరుకుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్ళు అమెరికాలో మూడే: 1, 6, 11. ప్రతి బండీ తన సొంత రౌటరు, ప్రింటరు, కెమెరా తెచ్చుకుని ఆ మూడింటిలోనే మాట్లాడుతుంది. బండ్ల లోహపు గోడలు సిగ్నల్‌ను ఆపుతాయి, నీరు నిండిన పచ్చని ఆకులు పీల్చేస్తాయి. పైగా ఒక యాక్సెస్ పాయింటుతో ఒక క్షణంలో మాట్లాడేది సాధారణంగా ఒక్కరే. దూరాన, బలహీన సిగ్నల్‌తో ఉన్న ఫోను ఒక ఫోటో పంపడానికి పట్టే సమయంలో స్తంభం పక్కనున్న ల్యాప్‌టాప్ పది పంపగలదు. కాబట్టి ఎవరు ఎన్ని జీబీలు వాడారన్న లెక్క, ఎవరు ఎంత ఇరుకు పెట్టారో చెప్పదు. మన డెల్టాలో కాలువ నీరు పైవాళ్ళు తోడేశాక శివారు భూములకు చుక్క అందదు, నీటి తీరువా మాత్రం ఎకరాకు ఒకటే. పార్కు చివరి సైటు పరిస్థితీ అదే.

ఇలా పంచుకునే వసతుల మీద ఆర్థికవేత్త జేమ్స్ బుకానన్ 1965లో ఒక సిద్ధాంతం చెప్పారు. క్లబ్బులో సభ్యుడు పెరిగితే ఖర్చు పంచుకునే చెయ్యి ఒకటి పెరుగుతుంది, అదే సమయంలో రద్దీ కూడా పెరుగుతుంది. ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. ఆర్‌వీ పార్కు వైఫైకి ఇది అక్షరాలా వర్తిస్తుంది. పగలు పదకొండింటికి ఇంకొకరు కలిస్తే ఖర్చు సున్నా. రాత్రి ఎనిమిదింటికి ఇంకొకరు కలిస్తే అందరి బొమ్మా ఆగిపోతుంది. ధర విధానం ఏదైనా ఈ రెండు వేళల తేడాను ఎలా పట్టించుకుంటుందో చూసి దాని మంచిచెడ్డలు తేల్చాలి.

ఇప్పటిదాకా నడిచిన దారి

1990ల్లో పార్కు ఆఫీసులోనో లాండ్రీ గదిలోనో ఒక టెలిఫోన్ ప్లగ్గు ఉండేది. అతిథులు వరసలో నిలబడి ల్యాప్‌టాప్ తగిలించి ఈమెయిలు దింపుకునేవారు. 1999లో వైఫై అన్న పేరు, చవక పరికరాలు వచ్చాక పార్కుల్లో స్తంభాలు లేచాయి. లైను ఖరీదు, వాడేవాళ్ళు తక్కువ కాబట్టి రోజుకో వారానికో కోడు కొనుక్కునే పద్ధతే సహజంగా తోచింది. చాలాచోట్ల బయటి కంపెనీలు సొంత ఖర్చుతో పరికరాలు పెట్టి, వచ్చిన డబ్బులో పార్కుకు వాటా ఇచ్చేవి.

బయట లోకం మాత్రం ఉచితం వైపు కదిలింది. మెక్‌డొనాల్డ్స్ 2010 జనవరిలో, స్టార్‌బక్స్ అదే ఏడాది జూలైలో అమెరికా దుకాణాల్లో వైఫైకి రుసుము ఎత్తేశాయి. హోటళ్ళలో చాలాకాలం ఒక విడ్డూరం సాగింది. చవక మోటెల్‌లో ఉచితం, ఖరీదైన హోటల్‌లో రోజుకు పది పదిహేను డాలర్లు. గ్లెన్ ఎలిసన్ 2005లో, జేవియర్ గబే, డేవిడ్ లైబ్సన్ 2006లో రాసిన పరిశోధన పత్రాలు ఇలాంటి ‘అదనపు’ ధరల తీరును విప్పి చూపాయి. గది అద్దెను పోల్చి చూసేవాళ్ళు ఎక్కువ, అదనపు రుసుములను ముందే పోల్చేవాళ్ళు తక్కువ. అందుకే లాభాన్ని కనపడని చోట దాచుకునే బలం వ్యాపారానికి వస్తుంది. కంపెనీ ఖర్చు మీద వచ్చే అతిథి అసలే పట్టించుకోడు. 2015 ఫిబ్రవరిలో హయత్ గొలుసు అతిథులందరికీ వైఫై ఉచితం చేసేనాటికి ఆ కాలం ముగింపుకొచ్చింది.

ఆర్‌వీ పార్కు యజమానులు కూడా ఆ ఒత్తిడికి లొంగి ఉచితం అని బోర్డు పెట్టారు. కానీ కాఫీ దుకాణంలో అతిథి ఉండేది అరగంట, పార్కులో నెలలు. హోటల్‌కు గోడల్లో తీగలున్నాయి, పార్కుకు చెట్లున్నాయి. వేరే వ్యాపారపు ధరను అరువు తెచ్చుకోవడం దగ్గరే చాలా పార్కుల ఇబ్బంది మొదలైంది.

పద్ధతులు, వాటి ఫలితాలు

అందరికీ ఉచితం. దీనికి పెద్ద బలం సులువు. ఆఫీసులో కోడ్లు అమ్మే పని లేదు, కార్డు రుసుము లేదు, డబ్బు వాపసు గొడవ లేదు. పై లెక్క ప్రకారం అద్దెకు 1.25 డాలర్లు కలిపితే నెలకు 2,250 డాలర్లు, ఖర్చు తీరిపోతుంది. లోపం రద్దీలో ఉంది. 1996 డిసెంబరులో అమెరికా ఆన్‌లైన్ సంస్థ గంటల లెక్క వదిలి నెలకు 19.95 డాలర్లకు ఎంతైనా వాడుకోమంది. జనం కనెక్షన్ పెట్టి వదల్లేదు, లక్షల మందికి ఫోను ఎంగేజ్ టోను మోగింది, చివరికి రాష్ట్రాల అటార్నీ జనరళ్ళ జోక్యంతో వాపసులు ఇవ్వాల్సి వచ్చింది. పరిమితి లేని ఉచిత వైఫైలో జరిగేదీ ఇదే. పది బండ్లు లైనంతా లాగేస్తాయి, మిగతా తొంభైమంది ‘ఇక్కడ వైఫై పనిచేయదు’ అని రాసి వెళ్తారు.

రోజు లెక్కన రుసుము. ఐదు డాలర్లకు అమ్మితే ఐదుగురిలో ఒకరు కొన్నారనుకుందాం. 1,800 రాత్రుల్లో 360 అమ్మకాలు, 1,800 డాలర్లు. ఖర్చే రాలేదు. కొన్నవాడు మాత్రం వేగం తగ్గిన ప్రతిసారీ ఆఫీసు తలుపు తడతాడు, ఆ హక్కు అతనికి ఉంది. పైగా దారి చూసుకోవాలనుకున్న పేద ప్రయాణికుడు, సినిమాల కోసం కొన్న కుటుంబం ఒకే ధర కడతారు. ఈ పద్ధతి రద్దీని తగ్గిస్తుంది, అయితే అవసరం చూసి కాదు, జేబు చూసి తగ్గిస్తుంది.

పరికరం లెక్కన రుసుము. ఒక్కొక్కరికి ఒక ఫోను ఉన్న రోజుల్లో ఇది అర్థవంతం. ఇప్పుడు ఒక బండిలో ఫోన్లు, ట్యాబ్లెట్లు, టీవీ స్టిక్కులు, కెమెరాలు కలిపి పది దాటడం మామూలు. తెలిసినవాడు ఒక చిన్న ట్రావెల్ రౌటరు పెట్టుకుని అన్నింటినీ ఒకే పరికరంగా చూపిస్తాడు. తెలియనివాడు పదింటికీ కడతాడు. తెలివిడి లేకపోవడం మీద వేసే పన్నులా పనిచేసే ధర ఏదైనా మంచిది కాదు.

డేటా లెక్కన రుసుము. పైకి న్యాయంగా కనిపిస్తుంది: వాడినంతకు కట్టు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1990ల చివర ఇంటర్నెట్ ధరల మీద ఇండెక్స్ అనే ప్రయోగం జరిపిన రిచర్డ్ ఎడెల్, ప్రవీణ్ వరాయా స్థిర ధర తప్పని వాదించారు. తక్కువ వాడేవాళ్ళు ఎక్కువ వాడేవాళ్ళ ఖర్చు మోస్తున్నారని వాళ్ళు తేల్చారు. అటువైపు నుంచి పరిశోధకుడు ఆండ్రూ ఓడ్లిజ్కో తపాలా, టెలిఫోన్ల చరిత్రంతా తవ్వి, మీటరు తిరుగుతుందన్న భయం లేని స్థిర ధర వైపే జనం మొగ్గుతారని చూపారు. రెండూ నిజమే. పార్కు విషయానికి వస్తే మూడో నిజం ఒకటుంది. మధ్యాహ్నం వాడిన 3 జీబీ ఎవరినీ బాధించదు, రాత్రి ఎనిమిదింటికి వాడిన 3 జీబీ బాధిస్తుంది. ఫోన్లు మనకు చెప్పకుండానే అర్ధరాత్రి అప్‌డేట్లు దింపుకుంటాయి. వాటికి బిల్లు వేస్తే అతిథికి కోపం వస్తుంది, ఇరుకు మాత్రం తగ్గదు.

రెండు అంచెలు. మెయిలు, మ్యాపు, వాట్సాప్ కాల్‌కు సరిపడే వేగం అందరికీ అద్దెలోనే, సినిమాలకూ వీడియో మీటింగులకూ సరిపడే వేగం రుసుము మీద. పారిస్ మెట్రోలో 1991 వరకు మొదటి తరగతి పెట్టెలుండేవి. ధర ఎక్కువ కాబట్టి జనం తక్కువ, జనం తక్కువ కాబట్టి సీటు దొరికేది. ఇంటర్నెట్‌కూ ఇలాగే ధర కట్టవచ్చని ప్రతిపాదించింది ఓడ్లిజ్కోనే. అద్దెలో 50 సెంట్లు కలిపి, 15 శాతం మంది రాత్రికి ఐదు డాలర్ల పై అంచె కొంటే 900, 1,350 కలిపి 2,250 డాలర్లు వస్తాయి. మొదటి పద్ధతితో సమానమైన రాబడే. భారం మాత్రం ఎక్కువ వాడేవాళ్ళ మీదకు జరిగింది. అయితే ఇందులో ఒక దుర్బుద్ధికి తావుంది. పై అంచె అమ్ముడుపోవాలని కింది అంచెను కావాలనే పనికిరాకుండా చేసే పార్కు, తక్కువ వాడే అతిథిని మోసం చేసినట్టే.

సైటుకో తీగ. నెలల తరబడి ఉండేవాళ్ళ సైట్లకు కేబుల్ గానీ ఫైబర్ గానీ లాగి, వాళ్ళు నేరుగా ఇంటర్నెట్ కంపెనీకే బిల్లు కట్టుకునే ఏర్పాటు ఇది. కరెంటు విషయంలో పార్కులు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. ఒక రాత్రి అతిథికి కరెంటు అద్దెలో కలుస్తుంది, నెలసరి అతిథికి మీటరు ఉంటుంది. తవ్వడానికి మొదట ఖర్చవుతుంది గానీ గాలిలోని రద్దీని ఇంతగా తగ్గించే మార్గం మరొకటి లేదు. స్నోబర్డ్స్ టీవీలు తీగ మీదకు వెళ్ళిపోతే మిగిలిన వైఫై ఒక రాత్రి అతిథులకు సుఖంగా చాలుతుంది.

చివరిది, డబ్బుకు బదులు సమాచారం. వైఫై ఉచితం, ముందు పేరు, ఈమెయిలు, ఫోను నంబరు ఇవ్వమనే తెర వస్తుంది. ఆ తర్వాత ప్రకటనలు మొదలవుతాయి. ఇదీ ధరే. దాన్ని ఉచితం అని పిలవడం సబబు కాదు.

చట్టం గీసిన గీతలు

అమ్మకం పెంచుకోవడానికి అతిథుల సొంత హాట్‌స్పాట్‌లను అడ్డుకుంటే? నాష్‌విల్‌లోని గేలార్డ్ ఓప్రీలాండ్ హోటల్‌లో అదే జరిగింది. సమావేశాలకు వచ్చినవాళ్ళ సొంత వైఫైని తెంచుతూ, పరికరానికి 250 నుంచి 1,000 డాలర్లకు హోటల్ వైఫై అమ్మారు. 2014 అక్టోబరులో ఎఫ్‌సీసీ కేసులో ఆ హోటల్‌ను నడిపే మారియట్ సంస్థ 6 లక్షల డాలర్లు కట్టింది. 2015 జనవరిలో ఇలా అడ్డుకోవడం ఎక్కడైనా చట్టవిరుద్ధమని ఎఫ్‌సీసీ అందరినీ హెచ్చరించింది. కాబట్టి అతిథుల రౌటర్లు తన మూడు ఛానళ్ళనూ నింపేస్తున్నా పార్కు యజమాని వాటిని ఆపలేడు. బతిమాలుకోవచ్చు, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు, 2020లో ఎఫ్‌సీసీ తెరిచిన 6 గిగాహెర్ట్జ్‌కు తన పరికరాలను మార్చుకోవచ్చు.

తన లైను మీద పరిమితులు పెట్టుకునే స్వేచ్ఛ మాత్రం అతనికి ఉంది. నెట్ న్యూట్రాలిటీ మీద 2010, 2015ల్లో ఎఫ్‌సీసీ ఇచ్చిన ఆదేశాలు కాఫీ దుకాణాల లాంటి ఆవరణ నిర్వాహకులను ఆ నిబంధనల నుంచి మినహాయించాయి. కింది అంచెలో వీడియోల వేగం తగ్గించడం తప్పు కాదు, ఆ సంగతి దాచడం తప్పు. ఇంట్లో వాడుకోవడానికి ఇచ్చిన కనెక్షన్‌ను వంద బండ్లకు పంచి అమ్మడం మాత్రం సాధారణంగా ఆ కంపెనీ ఒప్పందాన్నే ఉల్లంఘిస్తుంది. వ్యాపార కనెక్షన్ తీసుకోవాల్సిందే.

పన్నుల్లో ఒక మెలిక ఉంది. ఇంటర్నెట్ సదుపాయం మీద రాష్ట్రాలు పన్ను వేయకూడదన్న 1998 నాటి చట్టాన్ని 2016లో శాశ్వతం చేశారు. విడిగా బిల్లు వేసిన ఇంటర్నెట్ రుసుముకు ఆ రక్షణ ఉంటుంది. అద్దెలో విడదీయరాకుండా కలిపేస్తే అద్దె మీది పన్ను దాని మీదా పడవచ్చు. అందుకే లెక్కల పుస్తకాల్లో దాన్ని వేరుగా చూపడం మంచిది. దీన్ని సాకుగా చూపి అందరి నుంచీ ‘టెక్నాలజీ రుసుము’ అని చివర్లో కలపడం వేరే తప్పు. 2025 మే నుంచి అమలైన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన స్వల్పకాల బసల్లో తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను మొదటే చూపమంటోంది. దాని వెనకున్న న్యాయం సూటిగా ఉంది: తప్పించుకోలేని రుసుము అద్దెలో భాగమే.

స్టార్‌లింక్ తర్వాత

2022 మేలో ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఆర్‌వీల కోసం నెలకు 135 డాలర్ల పథకం తెచ్చింది, అక్కర్లేని నెలల్లో ఆపుకోవచ్చు. 2024లో ల్యాప్‌టాప్ అంత డిష్షు, 50 డాలర్లకు 50 జీబీ పథకం వచ్చాయి. సెల్ కంపెనీల 5జీ రౌటర్లు సరేసరి. దీంతో పార్కు వైఫై అక్కర్లేదన్న మాట వినిపిస్తోంది. నెలంతా తిరిగేవాళ్ళకు అది నిజం కావచ్చు. ఏడాదికి రెండుసార్లు వచ్చే కుటుంబం మాత్రం డిష్షు కొనదు. డిష్షుకు ఆకాశం కనబడాలి, జనం పార్కుకు వచ్చేదేమో చెట్ల నీడ కోసం. పండగ వారాంతంలో దగ్గరి సెల్ టవరు కూడా పార్కు వైఫైలాగే ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

అయినా స్టార్‌లింక్ ఒక మేలు చేసింది. పార్కు నెలకు ఎంత అడగవచ్చో దానికి ఒక పైకప్పు పడింది. రోజుకు ఐదు డాలర్ల చొప్పున నెలకు 150 డాలర్లు అడిగే పార్కు, అతిథి తన సొంత డిష్షుకు కట్టే ధరతో పోటీ పడాలి. వైఫై అమ్మకం మీద లాభాలు ఆశించే కాలం అయిపోయింది.

అడవికి వెళ్ళేదే ఇంటర్నెట్‌కు దూరంగా ఉండటానికి కదా అన్న వాదననూ తోసిపుచ్చలేం. 2014లో కెనడా జాతీయ పార్కుల సంస్థ వైఫై పెడతామన్నప్పుడు, 2019లో అమెరికా ప్రభుత్వ సలహా సంఘం ఒకటి జాతీయ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో వైఫై ఉండాలని సిఫారసు చేసినప్పుడు గట్టి వ్యతిరేకత వచ్చింది. ప్రభుత్వ అడవుల్లో నిశ్శబ్దాన్ని కాపాడాలన్న కోరిక గౌరవించదగ్గది. ప్రైవేటు పార్కు వైఫై లేకుండా నడవదలిస్తే అదీ మంచి నిర్ణయమే, ఆ మాట బుకింగ్‌కు ముందే చెబితే.

మన స్టేషన్లు చెప్పే పాఠం

తెలుగువాళ్ళ కళ్ళముందుకు ఈ ప్రశ్న ఒకసారి వచ్చింది. 2016లో రైల్వే టెలికాం సంస్థ రైల్‌టెల్, గూగుల్ కలిసి మొదట వైఫై పెట్టిన పది రైల్వే స్టేషన్లలో విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం ఉన్నాయి. పరీక్షలకు చదువుకునే పిల్లలు ప్లాట్‌ఫారం మీదే పాఠాలు దింపుకున్నారు. 2020లో గూగుల్ ఆ కార్యక్రమం మూసేసింది. 2021 మార్చిలో రైల్‌టెల్ నాలుగు వేలకు పైగా స్టేషన్లలో రెండు అంచెలు పెట్టింది: మొదటి 30 నిమిషాలు 1 ఎంబీపీఎస్ ఉచితం, ఆపైన రోజుకు 10 రూపాయలకు 34 ఎంబీపీఎస్ వేగంతో 5 జీబీ. రైలు ఎంత ఆలస్యమో చూసుకునే కూలీకి ఏమీ ఖర్చు కాదు, సినిమా దింపుకునేవాడు పది రూపాయలు కడతాడు. ఎంత వేగం, ఎంత డేటా అన్నది ధర పక్కనే అంకెల్లో ఉంది. అమెరికా పార్కులు నేర్చుకోవాల్సింది ఆ చివరి సంగతి.

ఏది న్యాయం

ఇన్ని పద్ధతులు చూశాక నాకు తేలింది ఇది. కనీస ఇంటర్నెట్‌ను నీళ్ళలాగే అద్దెలో కలపాలి. పై లెక్కలో దాని ఖర్చు రాత్రికి మూడు డాలర్లు దాటదు, అది లేకపోతే ఇబ్బంది పడేది జేబు బరువులేని అతిథే. నెలల తరబడి ఉండేవాళ్ళకు కరెంటు మీటరు ఇచ్చినట్టే సొంత తీగ ఇవ్వాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న వేగానికి రుసుము తీసుకోవడం న్యాయమే, అయితే అమ్మేది వైఫై అన్న పేరు కాకూడదు, రద్దీ వేళ నిలబడే వేగం కావాలి. ఆ వేగం అందని రోజున అడగకముందే డబ్బు వాపసు ఇవ్వాలి. ఎంతమందికి అమ్మితే మాట నిలబడుతుందో అంతమందికే అమ్మాలి, ఆ తర్వాత ‘ఇవాళ్టికి అయిపోయింది’ అనాలి.

చాలా పార్కులు ధర గురించి నెలల తరబడి ఆలోచించి, వేగం కొలవడం మరిచిపోతాయి. సాయంత్రం ఏడు నుంచి పది దాకా, ఆఫీసు పక్కన కాకుండా చివరి వరస సైట్లలో నిలబడి కొలిస్తే తాము ఏం అమ్మగలరో యజమానులకే తెలుస్తుంది. ఎంత తీసుకోవాలన్నది ప్రతి పార్కూ తన లెక్క చూసుకుని తేల్చుకోవచ్చు. రాత్రి ఎనిమిదింటికి చివరి సైటులో ఎంత వేగం వస్తుందో బుకింగ్ పేజీలో రాయగలిగినవాళ్ళు దానికి ధర అడగవచ్చు. రాయలేనివాళ్ళు ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు.